బొమ్మల పుస్తకం తెరిచే ముందు

చిట్టితల్లీ,

ప్రతి ఆదివారం మీ ఊరి గ్రంథాలయంలో పిల్లల్ని కూర్చోబెట్టి, అవార్డులు వచ్చిన బొమ్మల పుస్తకాలు చూపించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల ఇలాంటి పని తలపెట్టిందని సంతోషం. ఒకప్పుడు నేను చేసిన తప్పు నువ్వూ చేస్తావేమోనని దిగులు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఒక్కసారికి పదిమంది చాలు. పుస్తకం వాళ్ల కళ్ల ఎత్తులో పట్టుకో. చేతులు కడిగించి, పేజీలు వాళ్లనే తిప్పనివ్వు.

అట్ట మీద బంగారు రంగు ముద్ర ఉంటుంది చూడు, కాల్డెకాట్ పతకం, దాన్ని మొదటి రోజు కాగితంతో కప్పెయ్యి. 1938 నుంచి అమెరికా గ్రంథాలయ సంఘం బొమ్మలు వేసినవారికి ఇస్తున్న పెద్ద గౌరవమది, కాదనను. కానీ ఆ సంగతి ముందే తెలిస్తే పిల్లలు బొమ్మను చూడరు, మెచ్చుకోవడం మొదలుపెడతారు. పుస్తకం వాళ్లకు నచ్చాక కాగితం తీసి, ముద్రలో దౌడు తీస్తున్న గుర్రాన్నీ దాని మీద మనిషినీ చూపించు. ఈ పతకానికి పేరు పెట్టింది కాల్డెకాట్ అనే పాతకాలపు ఇంగ్లీషు చిత్రకారుడిదే, ఆ గుర్రం ఆయన స్వయంగా గీసిన బొమ్మలోదే.

ఇక నా సంగతి. 1986 ఆగస్టు గోదావరి వరద వచ్చిన మరుసటి ఏడు. గన్నవరం అవతల ఒక లంక బడిలో మూడో తరగతికి చెబుతున్నాను. రాజమండ్రిలో కొన్న బొమ్మల పుస్తకం ఒకటి తీసుకెళ్లాను. సెలవులకు నాయనమ్మ ఇంటికి వెళ్లిన పిల్లవాడి కథ. నాయనమ్మ బియ్యం డబ్బా, బట్టల పెట్టె, చివరికి దేవుడి పటాలు కూడా అటక మీదే పెట్టుకుంటుంది. ఎందుకని మనవడు అడిగితే నవ్వి ఊరుకుంటుంది. మాటల్లో అంతకుమించి లేదు. నేను చదువుతుంటే, ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల లేచి, "టీచర్, వీళ్లింట్లోకి ఏరు వచ్చింది" అంది. "కథలో ఏరు లేదు, కూర్చో. నాయనమ్మను చూసి మనం నేర్చుకోవలసింది ఏమిటో చెప్పు" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది.

సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకం మళ్లీ తెరిచాను. ప్రతి పేజీలోనూ గోడ మీద మనిషి నడుము ఎత్తున సన్నటి మట్టిరంగు గీత ఉంది. వంటింట్లో, వసారాలో, చివరికి తలుపు రెక్కల మీద కూడా అదే ఎత్తున. గీతకు కింద సున్నం వెలిసిపోయి ఉంది. చిత్రకారుడు కథలో సగం ఆ గీతలోనే చెప్పాడు. ఆ పిల్ల ఇంటి గోడ మీదా అలాంటి గీతే ఉంది కాబట్టి చదవగలిగింది. నేను అక్షరాలు మాత్రమే చదివాను.

మర్నాడు పిలిచి, నువ్వు చెప్పిందే నిజమన్నాను. తల ఊపింది. కానీ ఆ తర్వాత ఏ పుస్తకం తెరిచినా బొమ్మ వంక చూడటం మానేసి నా ముఖం వంక చూసేది, నాకు ఏ జవాబు కావాలో అక్కడ దొరుకుతుందన్నట్టు. ఆ ఏడాదంతా అంతే. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది తల్లీ. నీ ఎదుట కూర్చున్న పిల్లలు నీ ముఖం వంక చూడటం మొదలుపెడితే, ఆ రోజుకు పుస్తకం మూసెయ్యి.

అందుకే నీతి అడగవద్దు. "ఏం కనిపిస్తోంది?" అని అడుగు, ఏం చెప్పినా "ఎక్కడ?" అని అడుగు. వేలు పెట్టి చూపించనివ్వు. నువ్వు చిన్నప్పుడు చందమామలో శంకర్ వేసిన విక్రమార్కుణ్ణి గంటసేపు చూసేదానివి. బేతాళుడి కాళ్లు ఎటు వేలాడుతున్నాయో నాకే చూపించావు. నీకెవరు నేర్పారు?

మంచు ఎరగని కోనసీమ పిల్లలకు మంచు కథలెందుకని ఎవరైనా అంటే వినవద్దు. 1963లో పతకం వచ్చిన ఎజ్రా జాక్ కీట్స్ 'ది స్నోయీ డే' తీసుకెళ్లు. ఎర్ర కోటు వేసుకున్న పిల్లవాడు మంచులో వేళ్లు బయటికి పెట్టి కొన్ని అడుగులు, లోపలికి పెట్టి కొన్ని అడుగులు వేస్తాడు. వరద తీసిన ఒండ్రులో నడిచిన పిల్లలకు ఆ అడుగులు ఒకరు చెప్పాలా? మారిస్ సెండాక్ పుస్తకం 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్', 1964లో పతకం వచ్చినది, అందులో బొమ్మలు పేజీ పేజీకీ పెరుగుతూ పోయి, నడుమ మాటలే లేకుండా మూడుచోట్ల రెండేసి పేజీలు నిండిపోతాయి. అక్కడ నువ్వు నోరు విప్పకు. ఎంతసేపైనా సరే.

చెన్నైలో తారా బుక్స్ వాళ్లు నల్ల కాగితం మీద చేత్తో అచ్చువేసిన, గోండు చిత్రకారులు వేసిన చెట్ల బొమ్మల పుస్తకం, 2008లో ఇటలీలోని బొలోన్యా పిల్లల పుస్తకాల బహుమతి వచ్చినది, నా దగ్గర ఉంది. పంపిస్తున్నాను. కాగితం తాకి చూడనివ్వు, పాడవుతుందని కసరకు.

పుస్తకాలన్నీ కింది బీరువాలో సర్దావట. నేనొప్పుకోను. జూలై రాకముందే పై అరలోకి ఎక్కించు. ఏ అర అంటావేమో, గ్రంథాలయం వెనక గోడ మీద పాత వరద గీత ఇంకా కనిపిస్తుంది. దానికి పైన ఉన్నది ఏదైనా సరే.

మీ పెద్దమ్మ