పైథాన్‌లో ‘కల’ కోసం వెతికితే ‘కలిసి’ ఎందుకు దొరుకుతుంది?

పైథాన్‌లో ‘ఇన్’ (ఒక మాట పాఠంలో ఉందో లేదో చెప్పే ఆపరేటర్) వాడి తెలుగు పాఠంలో ‘కల’ అనే మాటను వెతికితే ‘కలిసి’, ‘చుక్కల’ ఉన్న వాక్యాలు కూడా ఎందుకు వస్తున్నాయని మీరు అడిగారు. తెలుగు కథల సంపుటాలకు వెతుకులాట సౌకర్యం సమకూర్చే పనిలో నేను ఈ సమస్యతో చాలాకాలం గడిపాను; అక్కడ నిలిచిన పద్ధతిని వివరిస్తాను.

పైథాన్ 3 స్ట్రింగును, అంటే తన దగ్గరున్న పాఠాన్ని, మన అక్షరాల వరుసగా కాక యూనికోడ్ సంకేతాల వరుసగా చూస్తుంది. మన కంటికి మూడక్షరాలైన ‘కలిసి’ దానికి క, ల, గుడి, స, గుడి అనే 5 సంకేతాలు. మొదటి రెండూ ‘కల’వే కనుక ‘ఇన్’ చెప్పిన జవాబు దాని లెక్కలో సరైనదే. ‘చుక్కల’లో చిక్కు ముందు వైపు నుంచి వస్తుంది. ‘క్క’ అనే ద్విత్వం క, పొల్లు, క అని నిల్వ ఉంటుంది కాబట్టి, మాట మొదలైన చోటును చెప్పే ‘ఫైండ్’ 0 నుంచి లెక్కించి 4వ స్థానాన్ని, అంటే ద్విత్వం నడుమను చూపిస్తుంది.

అందువల్ల దొరికిన ప్రతి చోటా రెండు వైపులా పరీక్షించాలి: వెంటనే తరువాత గుణింతపు గుర్తు, పొల్లు, సున్న, విసర్గలలో ఏదైనా ఉన్నా, వెంటనే ముందు పొల్లు ఉన్నా ఆ చోటును వదిలి, తరువాతి స్థానాన్ని ‘ఫైండ్’కు రెండో ఆర్గ్యుమెంటుగా ఇచ్చి ముందుకు సాగాలి. ఆగవలసింది, ఇక దొరకలేదని చెప్పే -1 వచ్చినప్పుడు మాత్రమే. మాట పాఠం మొదట్లోనే ఉంటే వచ్చే 0ను ‘ఇఫ్’ అబద్ధంగా తీసుకుంటుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలోని (వెతుకులాట నమూనాలలోని) పదసరిహద్దు గుర్తును ఇక్కడ నమ్మవద్దు, ఎందుకంటే పైథాన్‌తో వచ్చే మాడ్యూలు గుడిని పదంలో భాగంగా లెక్కించక, ‘కలిసి’లో ‘ల’ దగ్గరే పదం ముగిసిందనుకుంటుంది.

ఇంతకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపే గుర్తు. ‘సాఫ్ట్‌వేర్’ను కొందరు పొల్లు తరువాత దానితో, కొందరు అది లేకుండా టైపు చేస్తారు, ఒక రూపంతో వెతికితే రెండోది దొరకదు. పాఠం నుంచి దాన్ని తీసివేయమని చాలామంది సలహా ఇస్తారు గానీ, తీసివేస్తే ‘వేర్’కు ముందు పొల్లే మిగిలి, ‘వేర్’ కోసం వెతికినప్పుడు పై పరీక్ష దాన్ని తప్పుగా తిరస్కరిస్తుంది. పాఠాన్ని ముట్టుకోకుండా, వెతికే మాటలోని ప్రతి పొల్లు తరువాత ఆ గుర్తు ఉన్నా లేకున్నా సరిపోయేలా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాయడమే మేలు. పొల్లుతో ముగిసే మాటలకు మరొక పరీక్ష కావాలి: వెంటనే హల్లు వస్తే అది ఒత్తు, కనుక ‘వేర్లు’లో ‘వేర్’ దొరికినట్టు కాదు.

ఇవన్నీ చేసినా ‘కలప’, ‘కలహం’ వస్తూనే ఉంటాయి. వాటిని నేను కావాలనే ఉంచాను. పదం అక్కడే ముగియాలని పట్టుబడితే ‘కలలో’, ‘కలగని’ వంటి రూపాలు కూడా పోతాయి.