చెప్పేదెవరో రాసిపెట్టుకో, శ్రావణీ

తిరుపతి

శ్రావణీ,

అల్జీమర్స్ మందు ట్రయల్‌లో రేటర్‌గా, అంటే పేషంట్లకు స్కోరు వేసే మనిషిగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బెంగళూరు వదిలి ఊరికొస్తున్నావంటే సంతోషమే. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ముసలివాళ్ల మతిమరుపు కొలవడమే కదా ఇన్నాళ్లూ నేను జీతం తీసుకుని చేసిన పని. ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. శిక్షణ శ్రద్ధగా విను. ప్రతిసారీ ఒకే వేళకు పరీక్ష పెట్టు. కళ్లద్దాలు, చెవి మిషన్ తెచ్చుకున్నారో లేదో చూడు. జాలిపడి జవాబు అందించకు. నీకా అలవాటుంది, మీ తమ్ముడి ఎక్కాలన్నీ నువ్వే అప్పజెప్పేదానివి.

నువ్వు వాడబోయేది సీడీఆర్ అంట కదా, మతిమరుపు ఎంత ముదిరిందో కొలిచే స్కేలు. జ్ఞాపకం మొదలుకొని స్నానం, తిండి దాకా ఆరు అంశాలు. మొత్తం 18 పాయింట్లు, పెరిగేకొద్దీ జబ్బు ముదిరినట్టు. పేషంటును అడిగేది ఒకవైపు, ఇంట్లోవాళ్లు చెప్పేది ఇంకోవైపు. రెండూ కలిపి నువ్వు తేల్చాలి. 2022లో ఫలితాలొచ్చిన లెకనెమాబ్ అనే అల్జీమర్స్ మందు ట్రయల్ చదువు. 1,795 మంది, 18 నెలలు. మందు తీసుకున్నవాళ్లు సగటున 1.21 పాయింట్లు దిగజారితే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు 1.66 దిగజారారు. తేడా 0.45. పేపర్లలో దిగజారడం 27 శాతం తగ్గిందని వచ్చింది, అదీ నిజమే. కానీ ఒక్క అంశంలో సున్నా వెయ్యాల్సిన చోట నువ్వు అర వేస్తే, ఆ పేషంటు వరకు మందు చూపే తేడా అంతా అక్కడే పోయింది.

ఈ మాట ఎందుకంటున్నానో విను. నేను పనిచేసిన చోట, పేరు వద్దులే, పుంగనూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఇద్దరు కొడుకుల దగ్గర వంతులు. మొదటిసారి పెద్దకోడలు తోడొచ్చింది. మోటారు వేసి మర్చిపోతాడని, పాలవాడికి ఇచ్చిన డబ్బే మళ్లీ ఇస్తాడని, పంచె కట్టుకోవడానికి తడుముకుంటాడని చెప్పుకొచ్చింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆరు నెలలకు వంతు మారింది. చిన్నకొడుకు వచ్చాడు. తెల్లారి అంగడికి పోతే రాత్రికి ఇల్లు చేరే మనిషి. "మా నాయనకేం మేడం, బాగానే ఉన్నాడు" అన్నాడు. అబద్ధమేం కాదు. అతను చూసే ఆ కాసేపూ పెద్దాయన తిని పడుకునేవాడు. స్కోరు మెరుగుపడింది. మా పెద్ద డాక్టరుగారు మందు పనిచేస్తోందని మీటింగులో చెప్పేశారు కూడా. ఫారం తీసి చూస్తే రెండుసార్లూ ఒకటే రాసుంది: కుటుంబ సభ్యులు. నాకు అనుమానమొచ్చి పెద్దకోడలికి ఫోన్ చేస్తే, మామగారు దారి తప్పి బస్టాండులో దొరికాడని చెప్పింది. డాక్టరుగారికి చెబితే "అవన్నీ యావరేజీలో కొట్టుకుపోతాయమ్మా" అన్నారు.

ఎట్లా కొట్టుకుపోతాయి? వందల మందిని చీట్లు తీసినట్టు రెండు గుంపులుగా పంచితే ఈ తప్పులు ఒకవైపుకే మొగ్గవు, ఒప్పుకుంటా. అప్పుడు కూడా ఆ గందరగోళంలో 0.45 లాంటి చిన్న తేడా కనబడకుండా పోవచ్చు. ఇక మా దగ్గర ఉన్నది పిడికెడు మంది, అందరికీ మందే. పోల్చుకోవడానికి రెండో గుంపే లేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అందుకే మొదటి రోజే అడుగు: చివరిదాకా ఎవరొస్తారు, రోజుకు ఎంతసేపు ఆయనతో ఉంటారు? వంతు మారితే పాత మనిషితో ఫోన్లో మాట్లాడటానికి ట్రయల్ నియమాలు ఒప్పుకుంటాయేమో ముందే కనుక్కో.

మనుషుల్లో తేడాలు ఇంకా ఉన్నాయి. మా అవ్వ జీవితంలో బ్యాంకు గడప తొక్కలేదు. డబ్బు లెక్క చూసుకోలేదని ఆమెకు పాయింటు వేస్తే అది జబ్బును కొలిచినట్టు కాదు. ఆమెను నిన్నటి ఆమెతోనే పోల్చు, పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరుతో కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడిగారి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో చెప్పింది. మన పుత్తూరు, నగరి వైపు తమిళం రానివాళ్లెంతమంది? స్కోరు ఒకటే అయినా ఇద్దరి మెదళ్లలో జబ్బు ఒకే దశలో ఉందనుకోకు. అసలు ఆ జబ్బేనా అన్నదీ చూసుకోవాలి. బాపిన్యూజుమాబ్ అనేది అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీనును కడగడానికి చేసిన మందు. 2012లో విఫలమైన దాని ట్రయళ్లలో, అల్జీమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ4 జన్యువు లేనివాళ్లకు స్కాన్ తీస్తే, మూడో వంతుకు పైగా మందికి మెదడులో తగినంత అమిలాయిడే కనబడలేదు. లేనిదాన్ని మందు ఏం కడుగుతుంది?

లెకనెమాబ్‌తో దిగజారడం మగవాళ్లకు 43 శాతం, ఆడవాళ్లకు 12 శాతమే తగ్గిందని నీకెవరైనా చెబుతారు. అంకెలు నిజమే. కానీ ఆ ట్రయల్‌ను ఆడ, మగ తేడా తేల్చడానికి కట్టలేదు. ఆ మాట పట్టుకుని ఏ ఇంటి ఆడమనిషికీ ఈ మందు నీకు పనికిరాదని చెప్పొద్దు.

ఇంకొకటి. బాగా ముదిరినవాళ్లే ముందు రావడం మానేస్తారు. మిగిలినవాళ్లను చూసి అందరూ బాగున్నారనుకుంటాం. ఎవరైనా రాకపోతే ఫారంలో గీత గీసి ఊరుకోకు. అనుమతి ఉంటే ఇంటికి పో. మదనపల్లె అయినా పలమనేరు అయినా చీకటి పడ్డాక ఒంటరిగా పోతే నేను ఊరుకోను. మీ పెదనాన్న కారు నడుపుతాడు, ఆయనకు ఇంట్లో వేరే పనేముంది? పేషంటు ఇంట్లోకి మాత్రం రానివ్వకు. ఆయనే జవాబులు చెప్పేస్తాడు.

మీ పెద్దమ్మ