అణు విద్యుత్ ప్లాంటులో పనికి వెళ్తున్నాను, డ్రగ్ టెస్ట్ ఎలా ఉంటుంది?

అమెరికాలో ఒక అణు విద్యుత్ ప్లాంటుకి అవుటేజ్ పని (రియాక్టర్ ఆపి చేసే మరమ్మతులు) మీద కాంట్రాక్టర్‌గా వెళ్తున్నానని, డ్రగ్, ఆల్కహాల్ పరీక్షల గురించి టెన్షన్‌గా ఉందని రాశారు. వారాంతంలో రెండు బీర్లు తాగుతానన్నారు. పన్ను పీకించుకున్నప్పుడు డాక్టర్ రాసిన కోడీన్ (నల్లమందు జాతి నొప్పి మందు) మాత్రలు ఇంకా వేసుకుంటున్నానన్నారు. మూత్రం శాంపిల్ ఇచ్చేటప్పుడు పక్కన మనిషి నిలబడి చూస్తాడట కదా, నిజమేనా అని కూడా అడిగారు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ పని మీద ఏళ్ల తరబడి ఇలాంటి ప్లాంట్లకి తిరుగుతున్నాను కాబట్టి నాకు తెలిసింది వివరంగా చెప్తాను.

ముందు మాత్రల సంగతి, ఎందుకంటే మీ విషయంలో జాగ్రత్త పడాల్సింది బీరు గురించి కాదు, వీటి గురించే. కోడీన్ ఈ పరీక్షలో వెతికే పదార్థాల్లో ఒకటి. ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత మార్ఫిన్‌గా మారుతుంది కాబట్టి ల్యాబ్‌లో రెండూ కనిపించవచ్చు. అంతమాత్రాన మీ పని అయిపోయినట్టు కాదు. ల్యాబ్ పాజిటివ్ అని చెప్పినా, మెడికల్ రివ్యూ ఆఫీసర్ అనే డాక్టర్ మీతో మాట్లాడి తేల్చేదాకా అది పాజిటివ్ కింద లెక్క కాదు. ఆయన ఫోన్ చేసి ఏం వాడుతున్నారు, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని అడుగుతారు. ప్రిస్క్రిప్షన్ మీ పేరు మీద ఉండి, రాసినట్టే వాడుతుంటే అది డ్రగ్ పాజిటివ్‌గా నమోదు కాదు. అయితే ఆ మందు వేసుకుని మీ పని భద్రంగా చేయగలరా అన్నది వేరే ప్రశ్న, దాన్ని విడిగా తేలుస్తారు. మగతగా ఉండే మందైతే కొన్నాళ్లు లోపలికి పంపకపోవచ్చు. అది శిక్ష కాదు. ఇంట్లో మిగిలిన భార్య మాత్రో, అన్నయ్య మాత్రో వేసుకుంటే మాత్రం కథ మారిపోతుంది. ఆ పని అస్సలు చేయకండి.

నాతో పనిచేసిన ఒక వెల్డర్‌కి ప్రిస్క్రిప్షన్ పక్కాగా ఉంది. కానీ ఏదో తెలియని నంబరు నుంచి ఫోన్లు వస్తుంటే అమ్మకాల కాల్ అనుకుని ఎత్తలేదు. అవి ఆ డాక్టర్ చేసినవి. చివరికి కంపెనీ వాళ్లే అతన్ని పట్టుకుని మాట్లాడించారు. విషయం తేలిపోయింది గానీ అప్పటికి అవుటేజ్ సగం అయిపోయింది, అన్ని రోజుల జీతమూ పోయింది. శాంపిల్ ఇచ్చాక కొన్ని రోజుల పాటు ఏ నంబరు నుంచి వచ్చినా ఫోన్ ఎత్తండి.

ఇంకో మాట. శాంపిల్ తీసుకునే మనిషికి మీ మందుల చిట్టా చెప్పక్కర్లేదు. అది డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం. కానీ పని మీద ప్రభావం చూపే మందు వాడుతుంటే సూపర్‌వైజర్‌కో, ఈ పరీక్షలు చూసుకునే ఫిట్‌నెస్ ఫర్ డ్యూటీ ఆఫీసుకో ముందే చెప్పాలని చాలా ప్లాంట్ల పాలసీలో ఉంటుంది. ట్రైనింగ్‌లో ఆ భాగం వచ్చినప్పుడు శ్రద్ధగా వినండి.

ఇక పరీక్ష గది. జేబులు ఖాళీ చేయమంటారు. జాకెట్ తీసి బయట పెట్టాలి, చేతులు కడుక్కోవాలి. లోపల టాయిలెట్ నీళ్లు నీలం రంగులో ఉంటాయి, కుళాయి కట్టేసి ఉంటుంది. శాంపిల్‌లో నీళ్లు కలపడానికి వీల్లేకుండా ఆ ఏర్పాటు. మామూలుగా తలుపు వేసుకుని మీరొక్కరే ఉంటారు, ఎవరూ చూడరు. కనీసం 30 మిల్లీలీటర్లు కావాలి. కప్పు చేతికి ఇచ్చాక 4 నిమిషాల్లోపు ఉష్ణోగ్రత చూస్తారు, కప్పుకి అంటించిన పట్టీ మీద 90 నుంచి 100 ఫారెన్‌హీట్ మధ్య చూపించాలి. ఆ తర్వాత మీ కళ్ల ముందే సీసా మూతకి సీలు అతికిస్తారు, దాని మీద మీ పొడి అక్షరాలు రాయాలి. సీలు వేసేదాకా ఆ సీసా మీద నుంచి చూపు తిప్పకండి, అది మీ హక్కు కూడా.

మనిషి పక్కన నిలబడి చూసేది కొన్ని సందర్భాల్లోనే. ఉష్ణోగ్రత తేడాగా ఉంటే, శాంపిల్‌లో ఏదో కలిపారన్న అనుమానానికి ఆధారం ఉంటే, అప్పుడు రెండోసారి ఇచ్చేది ఎదురుగా ఇవ్వాలి. చూసే మనిషి మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లే. భయం వల్ల మూత్రం రాకపోతే కంగారు పడొద్దు, నీళ్లు ఇచ్చి 3 గంటల దాకా సమయం ఇస్తారు. అలాగని ముందే బకెట్లకి బకెట్లు నీళ్లు తాగి వెళ్లకండి. మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం డెసిలీటరుకి 20 మిల్లీగ్రాముల కంటే తగ్గితే శాంపిల్ పలచబడిందని ల్యాబ్ పట్టేస్తుంది, లేనిపోని అనుమానం మీ మీదికి వస్తుంది.

బీరు గురించి. శనివారం తాగిన రెండు బీర్లు సోమవారానికి ఉండవు. రూల్ ఏంటంటే, డ్యూటీకి వచ్చే ముందు కనీసం 5 గంటలు మద్యం ముట్టకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 5 గంటలు ఆగితే చాలు అని కాదు, ఆగినా రీడింగ్ సరిపోవాలి. శ్వాస పరీక్షలో 0.04 శాతం వస్తే పాజిటివ్. పనిలో ఉండి గంట దాటితే 0.03 వచ్చినా పాజిటివ్, రెండు గంటలు దాటితే 0.02 చాలు. లోపలికి వచ్చి రెండు గంటలైనా ఇంకా 0.02 ఉందంటే, వచ్చినప్పుడు అంతకంటే ఎక్కువ ఉండి ఉండాలి కదా, అదీ లెక్క. ఒంట్లో మద్యం గంటకి సుమారు 0.015 చొప్పున తగ్గుతుంది. అర్ధరాత్రికి 0.15 ఉన్న మనిషి, ఆ తర్వాత చుక్క ముట్టకపోయినా, ఉదయం 6 గంటలకి ఇంకా 0.06 దగ్గర ఉంటాడు. 5 గంటల నియమం పాటించాడు, పరీక్షలో పోయాడు. ఇలాంటివాళ్లు తమకి అన్యాయం జరిగిందని నిజంగానే నమ్ముతారు. షిఫ్ట్ ఉన్న ముందు రోజు రాత్రి అసలు తాగకపోవడమే నేను పెట్టుకున్న పద్ధతి.

సెలవులో ఉండగా అర్జెంటుగా రమ్మని ఫోన్ వస్తే, గత 5 గంటల్లో మద్యం తాగారా అని అడుగుతారు. తాగితే తాగానని చెప్పండి. చెప్పినందుకు శిక్ష వేయడానికి రూల్ ఒప్పుకోదు. మౌత్‌వాష్ గురించి కూడా భయపడక్కర్లేదు, నోట్లో ఏదైనా పెట్టుకుని ఉంటే 15 నిమిషాలు ఆగి పరీక్ష చేస్తారు.

మొదటి పరీక్ష లోపలికి అనుమతి ఇచ్చే ముందు 30 రోజుల్లోపు జరుగుతుంది. ఆ తర్వాత లాటరీ. ఏడాదిలో మొత్తం మందిలో సగానికి సమానమైన సంఖ్యలో ర్యాండమ్ పరీక్షలు జరగాలి. రాత్రి షిఫ్ట్, ఆదివారం, పండగ రోజు, ఎప్పుడైనా పిలవచ్చు. నిన్ననే ఇచ్చాను కదా అంటే కుదరదు, ఇచ్చిన మరుక్షణం మీ పేరు మళ్లీ ఆ లాటరీలోనే ఉంటుంది.

ఈ నియమాలన్నీ ఎన్‌ఆర్‌సీ, అంటే అక్కడి అణు నియంత్రణ కమిషన్ పెట్టినవి, 10 సీఎఫ్‌ఆర్ (ఫెడరల్ నియమావళి) పార్ట్ 26 అంటారు. 1989లో వచ్చింది, 2008లో పెద్ద మార్పులు చేశారు, 2022లో ఇంకొన్ని. గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఇక్కడ చెల్లదు, ఇది ఫెడరల్ రూలు. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనెలు, గమ్మీలు కూడా మానేయండి. వాటిలో టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, ఉండే అవకాశం ఉంది, డబ్బా మీద రాసింది నమ్మాను అంటే ఎవరూ వినరు.

శిక్షలు చూస్తే ఈ రూలు దేన్ని ఎంత తీవ్రంగా తీసుకుంటుందో తెలుస్తుంది. మొదటిసారి పాజిటివ్ వస్తే కనీసం 14 రోజులు లోపలికి అనుమతి ఉండదు. కంపెనీ అంతకంటే గట్టిగా ఉండొచ్చు, చాలా చోట్ల ఉంటుంది కూడా. రెండోసారైతే 5 ఏళ్లు. శాంపిల్ మార్చినా, ఏదో కలిపినా, ఇవ్వనని మొండికేసినా శాశ్వతంగా బయటే, మొదటిసారే అయినా సరే. ఒక ప్లాంటులో జరిగింది మిగతా ప్లాంట్లకి తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో దొరికే పొడులు, నకిలీ మూత్రం గురించి ఎవరైనా చెవిలో వేస్తే అక్కడి నుంచి లేచి వెళ్లిపోండి.

ఇంతా చెప్పాక నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. మూత్ర పరీక్ష చెప్పేది ఎక్కువగా గడిచిన రోజుల సంగతి. ఈ క్షణంలో మీ పక్కన ఉన్న మనిషి వాల్వ్ దగ్గర నిలబడగలిగే స్థితిలో ఉన్నాడా అన్నది అది చెప్పలేదు, తోటివాళ్ల కళ్లే చెప్పాలి. అందుకే అందరికీ ప్రవర్తన గమనించడం మీద ట్రైనింగ్ ఇస్తారు, తేడాగా అనిపిస్తే చెప్పడం బాధ్యత అంటారు. మనవాళ్లకి ఇది మింగుడు పడదు, తోటివాడి మీద చాడీ చెప్పడం అనుకుంటాం. ఒక రాత్రి షిఫ్ట్‌లో పరంజా కట్టే అతను మాట తడబడుతూ, బిగించిన క్లాంపునే మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడు. తాగి వచ్చాడనే అందరూ అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకున్నారు, ఎవరూ కదల్లేదు. ఒక కుర్రాడు మాత్రం వెళ్లి ఫోర్‌మన్‌కి చెప్పాడు. శ్వాస పరీక్ష చేస్తే సున్నా వచ్చింది. అతనికి షుగర్ పడిపోయింది. మెడికల్ వాళ్లు వెంటనే చూసుకున్నారు. ఆ కుర్రాడు చెప్పకపోయి ఉంటే అతను ఆ ఎత్తు నుంచి పడిపోయేవాడు.

అలసట కూడా ఇదే పార్ట్ 26లో ఉంది. 1987లో పెన్సిల్వేనియాలోని పీచ్ బాటమ్ ప్లాంటులో కంట్రోల్ రూమ్ ఆపరేటర్లు డ్యూటీలో నిద్రపోతున్నారని తేలడంతో ప్లాంటునే ఆపేయమని ఎన్‌ఆర్‌సీ ఆదేశించింది. 2008 మార్పులతో పని గంటలకి హద్దులు ఈ రూలులోకే చేరాయి. ఏ 24 గంటల్లోనూ 16 గంటలు, 48 గంటల్లో 26, ఏడు రోజుల్లో 72 మించకూడదు. కీలకమైన పరికరాల మీద మెయింటెనెన్స్ చేసేవాళ్లకి ఇవి వర్తిస్తాయి, మీ పనీ అందులోకి రావచ్చు. ఓవర్‌టైమ్ ఆశతో అలసటని దాచకండి. నిద్ర లేదు, చేయలేను అని చెప్తే వినడానికి అక్కడ పద్ధతి ఉంది, వాడుకోండి.

చివరగా, ఒకవేళ పాజిటివ్ వచ్చి అది తప్పని మీకు గట్టిగా తెలిస్తే, ఊరుకోకండి. మెడికల్ రివ్యూ ఆఫీసర్ ఫలితం చెప్పాక 3 పనిదినాల్లోపు మీ శాంపిల్‌ని వేరే సర్టిఫైడ్ ల్యాబ్‌లో మళ్లీ పరీక్షించమని అడగొచ్చు. ఈ ప్రోగ్రామ్ నడిపేవాళ్లతో సంబంధం లేని మనిషి చేత నిర్ణయాన్ని తిరిగి చూడమని అడిగే హక్కు కూడా ఉంది. రెండూ రాతపూర్వకంగా అడగండి, తేదీ వేయండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి.