ఆటకట్టు పజిల్‌కు మీ ఎస్సెమ్మెస్‌లతో పనేమిటి?

ప్రశ్న: మా పదకొండేళ్ళ అబ్బాయి ఫోన్‌లో చదరంగం పజిళ్ళు చేస్తుంటాడు. ‘రెండు ఎత్తుల్లో ఆటకట్టు’ అన్నచోట వాడు ఆట కట్టించినా యాప్ తప్పంటోంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఏపీకే ఫైలుతో (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో పెట్టే ఫైలు) దాన్ని పెట్టుకున్నాం. పెట్టుకునేటప్పుడు ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ అనుమతులు అడిగితే ఇచ్చాం. జీడిపిక్కల చెల్లింపులు కూడా ఈ ఫోన్‌లోనే చేస్తాను. లోపం ఎక్కడుంది? – ఒక వ్యాపారి, పలాస

జవాబు: మొదటి సగం ఫిర్యాదు రాజాం నుంచి, చీపురుపల్లి నుంచి కూడా పలుమార్లు వచ్చింది. రెండు ఎత్తుల్లో ఆటకట్టు అంటే ఎదుటివారు ఏ ఎత్తు వేసినా మన రెండో ఎత్తుకు వారి రాజు చిక్కాలి. ఎదుటివారు పొరపాటు చేస్తేనే పండే ఎత్తు జవాబు కాదు. పిల్లలు సాధారణంగా ముందు చెక్ చెప్పేస్తారు, రాజుకు మిగిలిన ఒక్క గడిని చూడరు. బంటు చివరి వరుసకు చేరగానే దానంతటదే మంత్రిగా మారే సెట్టింగును కూడా ఆపేయండి, ఎందుకంటే కొన్ని పజిళ్ళలో అక్కడ గుర్రమే కావాలి.

అయితే తప్పంతా పిల్లవాడిదే అనను. ఎర్ర గుర్తు వేసి ఊరుకోవడం, ఆ ఎత్తుకు ఎదుటివారు ఎలా తప్పించుకుంటారో చూపకపోవడం నిర్లక్ష్యపు రూపకల్పన. చివరి ఎత్తుకు రెండు విధాలుగా ఆటకట్టు కుదిరేచోట తమ దగ్గర రాసిపెట్టుకున్న ఒక్కదాన్నే ఒప్పుకునే యాప్ అయితే, సరిగ్గా ఆలోచించిన పిల్లవాడికి తప్పు నేర్పుతోంది.

నన్ను కలవరపెడుతున్నది మీరు ఇచ్చిన అనుమతులు. అరవై నాలుగు గళ్ళ పటం చూపడానికి మీ ఎస్సెమ్మెస్‌లు చదవవలసిన అవసరం ఏ యాప్‌కూ లేదు. యాక్సెసిబిలిటీ అనేది చూపు సరిగా లేనివారికీ, చేతులు సహకరించనివారికీ తోడ్పడడానికి ఏర్పరచిన సదుపాయం. అది దుర్మార్గుల చేతికి చిక్కితే తెరపై ఉన్నదంతా చదవగలరు, మీ బదులు బటన్లు నొక్కగలరు. దానికి ఎస్సెమ్మెస్ అనుమతి కూడా కలిస్తే, బ్యాంకు పంపిన ఓటీపీ మీకంటే ముందే వారికి చేరుతుంది. వ్యాపారపు డబ్బు తిరిగే ఫోన్‌ను పిల్లల ఆటకు ఇవ్వడమూ, గ్రూపులో తెలిసినవారు పంపారు కదా అని ఫైలును నమ్మడమూ రెండూ పొరపాట్లే. పంపినవారికి కూడా అందులో ఏముందో తెలిసి ఉండదు.

ఈరోజే ఆ ఫోన్‌లో వైఫై, మొబైల్ డేటా ఆపి, సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ (ఫోన్‌పై ప్రత్యేక అధికారాలున్న యాప్‌లు) జాబితాల నుంచి ఆ యాప్‌ను తప్పించి, తర్వాత తొలగించండి. తొలగనంటే, మనం పెట్టుకున్న యాప్‌లు పనిచేయకుండా ఫోన్‌ను తెరిచే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి. అప్పటికీ మొండికేస్తే ఫొటోలు, నంబర్లు భద్రపరచుకుని ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ చేయక తప్పదు. బ్యాంకు పాస్‌వర్డునూ యూపీఐ పిన్‌నూ వేరే ఫోన్ నుంచి మార్చండి. ఖాతాలో మీకు తెలియని లావాదేవీ కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ తెలియజేయండి. వాట్సాప్‌కూ, ఫైల్ మేనేజర్‌కూ ‘తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం’ అనే అనుమతి ఉంటే తీసేయండి.

అబ్బాయికి పజిళ్ళ కొరత ఉండదు. 2010లో మొదలైన లిచెస్ అనే చదరంగం వెబ్‌సైటులో నిజమైన ఆటల నుంచి తీసిన లక్షల పజిళ్ళను ఖాతా తెరవకుండా, రూపాయి కట్టకుండా బ్రౌజర్‌లోనే సాధించవచ్చు. చెల్లింపుల యాప్‌లు లేని మరో ఫోన్‌లో దాన్ని తెరిచి ఇవ్వండి.