జపమాల మధ్యలో నిద్ర, ఆఫీసు ఆలోచనలు

రాత్రి కతోలిక జపమాల (రోజరీ) పట్టుకుంటే మూడో రహస్యానికే (యేసు, మరియమాతల జీవిత ఘట్టాలను ధ్యానిస్తూ చెప్పే ఐదు భాగాల్లో మూడోదానికే) కళ్లు మూతలు పడుతున్నాయని, లేదంటే మనసు ఆఫీసు మెయిళ్ల వైపు పోతోందని, అది పాపమేమోనని భయంగా ఉందని రాశారు కదండీ. కావాలని చెయ్యని పరధ్యానం పాపం కాదు, ముందు ఆ టెన్షన్ వదిలెయ్యండి. ప్రార్థనలో నిద్రపోయేదాన్నని ఫ్రాన్స్‌లోని లిసియు మఠ సన్యాసిని చిన్న తెరేజమ్మే రాసుకున్నారు. ఆమె పునీతురాలు, శ్రీసభ పండితురాలు (గొప్ప బోధకులైన పునీతులకు కతోలిక సంఘం ఇచ్చే బిరుదు) కూడా!

పరధ్యానాన్ని వెంటాడితే దాని వలలోనే పడతామని, మనసును దేవుని వైపు తిప్పుకుంటే చాలని శ్రీసభ సత్యోపదేశం (కతోలిక విశ్వాస బోధనల గ్రంథం) 2729వ పేరా చెబుతుంది. నేనైతే ఆ ఆలోచననే ప్రార్థన చేసేస్తాను. మెయిల్ గుర్తొస్తే "ప్రభువా, ఇది కూడా నీదే" అనుకుని, వేలు ఏ పూస మీద ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలు.

ఇంకోటి, ఐదు రహస్యాలూ ఒకే కూర్చోవడంలో ముగించాలని లేదు. పొద్దున లేవగానే ఒకటి, నడుస్తూ ఒకటి, భోజన విరామంలో ఒకటి చెప్పుకోండి. అలా చేస్తే రాత్రికి రెండే మిగులుతాయి. అవి కూడా మంచం మీద వద్దు, కుర్చీలో కూర్చుని చెప్పండి. మంచం మీద నేనెప్పుడూ గెలవలేదు!