అత్తయ్య ఒడియా మరిచిపోతోంది

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అత్తయ్యకి 73 ఏళ్ళు, పుట్టిల్లు ఏరు దాటితే పాతపట్నం. పెళ్ళయి వచ్చాక బజారులో నేర్చుకున్న ఒడియా యాభై ఏళ్ళు గడగడా మాట్లాడింది, ఈ ఏడాది నుంచి ఒక్కో మాటా పోతోంది. దీపాలు పెట్టే వేళకి చీరలు మూటగట్టి "చిన్న రైలు టైమైంది, మా ఇంటికి పోతాను" అంటుంది. ఆ నేరోగేజి బండి 2004లోనే ఆగిపోయింది. డాక్టరుగారు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు కావచ్చన్నారు, పరిశోధనలో చేరుస్తారా అనీ అడిగారు. "అమ్మని ప్రయోగాలకి ఇస్తామా" అని మా ఆడపడుచు ఫోన్ పెట్టేసింది. నాకు రాత్రుళ్ళు నిద్ర లేదు.
– ఒక కోడలు

జవాబు: ముందు ఇది చెప్పమ్మా, ఆవిడకి జ్ఞాపకశక్తి పరీక్ష ఏ భాషలో చేశారు? ఒడియాలో వారం, తేదీ చెప్పలేని మనిషి తెలుగులో చెప్పొచ్చు, అప్పుడు జబ్బు ఎంతవరకు ముదిరిందన్న లెక్కే మారిపోతుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేసిన పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి, బరంపురం వెళ్ళినా విశాఖ వెళ్ళినా తెలుగులో చేయమని గట్టిగా అడుగు. బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించకుండా అల్జీమర్స్ అనుకుని కూర్చోవద్దు, ఆ లోపాల వల్ల వచ్చే మతిమరుపుకి చికిత్స ఉంది.

సాయంత్రం మూట కట్టినప్పుడు రైలు లేదని వాదించకు. చీకటి పడకముందే లైట్లన్నీ వేసి, పక్కన కూర్చుని "మీ ఇంట్లో ఎవరెవరు ఉండేవారు అత్తయ్యా" అని అడుగు, ఆ మూటలో చీరలు ఒక్కొక్కటీ తనతోనే మళ్ళీ మడత పెట్టించు. ఆవిడ అడిగేది రైలు గురించే అనుకోను, మనసు కుదురుగా ఉండే చోటు కోసం వెతుక్కుంటోంది.

మీ ఆడపడుచు భయం నాకు అర్థమవుతుంది, కానీ పరిశోధన అంటే సూదులూ మందులే కాదు. 2013లో హైదరాబాద్ నిమ్స్ వైద్యులు డిమెన్షియా (అల్జీమర్స్‌లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్న 648 మంది వివరాలు చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది, చదువు రానివాళ్ళలో కూడా. మీ అత్తయ్యలాంటివాళ్ళ కుటుంబాలు ఓపిగ్గా జవాబులు చెప్పబట్టే కదా ఇది తెలిసింది! కొత్త మందు పరీక్ష అయితే మాత్రం సీటీఆర్‌ఐ (మందుల పరీక్షలు నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించమనండి. దానివల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారం కూడా ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఎప్పుడైనా మానేయొచ్చు. ఒప్పంద పత్రం తెలుగులో చదివించి, సంతకం మీరు పెట్టినా ఆవిడనీ అడగండి.

ఇక నీ సంగతి. నెలకి ఒక వారం ఆడపడుచుని వచ్చి ఉండమను, మొహమాటపడకు, తల్లి ఆవిడకీ తల్లే. నిద్ర పట్టని రాత్రి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యి, ఖర్చు లేదు, 24 గంటలూ పలుకుతారు. పెద్దల సాయానికి ఎల్డర్‌లైన్ 14567 ఉంది. ఈ రోజే మీ ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఒడియా, తెలుగు రెండింట్లోనూ గుడ్డముక్క మీద రాసి ఆవిడ జాకెట్టు లోపల కుట్టు, స్టేషన్ దారిలో టీ కొట్టు వాళ్ళకీ చెప్పి ఉంచు.