వార్డులో పాడబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి బంగారుతల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే నెల నుంచి వారానికోసారి హాస్పిస్‌కి, అంటే జబ్బు చివరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే ఆసుపత్రికి, వెళ్లి పాడతానని రాశావు. చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఏయే కీర్తనలు సిద్ధం చేసుకోమంటావని అడిగావు. నీకు వచ్చినవి చాలు, కొత్తవి నేర్చుకునే పనిలేదు. నా నర్సు ఉద్యోగంలో చాలా భాగం హైదరాబాదులో క్యాన్సర్ వార్డుల్లోనే గడిచింది. మంచం పక్కన పాట ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు ఇబ్బంది పెడుతుందో దగ్గరగా చూశాను కాబట్టి రాస్తున్నాను.

వార్డులో అడుగు పెట్టగానే నర్సును కలుసుకో. ఎవరికి నొప్పి మందు పడింది, ఎవరికి ఇంకా డ్రెస్సింగ్ కావాలి, రాత్రంతా నిద్ర లేనిదెవరికి అని కనుక్కో. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి చెవిలో ఎంత మంచి పాటైనా రొదే. మార్ఫిన్ పడి, ఒళ్లు కాస్త తెరిపిన పడ్డాక అదే పాట హాయిగా ఉంటుంది. సంగీతం వల్ల ఆందోళన తగ్గుతుంది, ధ్యాస నొప్పి మీద నుంచి కాసేపు మళ్లుతుంది. అంతేగానీ అది మందుకు బదులు కాదు. ఫలానా రాగం ఫలానా జబ్బుకు మందు అని చెప్పేవాళ్లు నీకు తప్పకుండా తగులుతారు. ఆ మాటలు రోగి చెవిన మాత్రం వేయకు. ఆశపడి ఒక్క పూట మందు మానేసినా బాధపడేది వాళ్లే.

ఇక ఏం పాడాలన్నది. అది నిర్ణయించాల్సింది నువ్వు కాదమ్మా. "చిన్నప్పుడు మీ ఇంట్లో ఎవరు పాడేవాళ్లు?" అని అడుగు. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుల్లో నీకు కావలసినవన్నీ దొరుకుతాయి. పాలమూరు నుంచి వచ్చిన అమ్మకు నాట్లు వేసేటప్పటి పాటలో, బతుకమ్మ పాటలో గుర్తుంటాయి. ఇంకొకరికి చర్చిలో పాడిన కీర్తన, మరొకరికి ప్రవక్త మీద పాడే నాత్, ఖవ్వాలీ. చాలామంది పాత సినిమా పాటే అడుగుతారు. ఇరవై ఏళ్ల కుర్రాడు మొన్న వచ్చిన మాస్ పాట పెట్టమంటాడు. ఏదడిగినా సంతోషంగా పాడు, రాకపోతే ఫోన్లో పెట్టు. మనిషి పెద్దవయసులో ఉన్నాడు కదా, జబ్బు ముదిరింది కదా అని భక్తి పాటలు నెత్తిన రుద్దడం నాకు అస్సలు నచ్చదు.

ఘంటసాల గారి భగవద్గీత గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఆయన గొంతులో అది అమృతమే. కానీ మన ఊళ్లలో ఏ ఇంట్లోంచైనా మైకులో అది వినబడితే, వీధి వీధంతా "అయ్యో, ఎవరు పోయారు?" అంటూ బయటికొస్తుంది. అంతిమయాత్ర బండిలోనూ అదే. జబ్బు సంగతి రోగికి చెప్పకుండా దాచే ఇళ్లు మనలో ఎన్నో. అలాంటి మనిషి తలాపున, మంచిదే కదా అని ఎవరో అది పెడతారు. డాక్టరు చెప్పని మాట ఆ పాట చెప్పేస్తుంది. కళ్లు ఒక్కసారిగా గుమ్మం వైపు తిరగడం నేను చూశాను. రోగి తనంతట తాను కోరితే సరే, తప్పకుండా పెట్టాలి. లేకపోతే వద్దు. దేహం నిలవదని చెప్పే తత్వాల సంగతీ అంతే.

పాటకు జవాబు నోటితోనే వస్తుందని అనుకోకు. ఒక భజన మండలి పెద్దాయన ఉండేవారు, గొంతు క్యాన్సర్, మాట పూర్తిగా పోయింది. ఆయన పాడే పాటల్లో ఒకటి వాళ్లావిడను అడిగి తెలుసుకుని మెల్లగా ఎత్తుకున్నాను. మొదటి చరణం దాకా ఏమీ లేదు. తర్వాత కుడిచేతి చూపుడువేలు మంచం ఇనుప పట్టీ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. రెండో చరణంలో నేను కాస్త పరుగెత్తితే ఆ వేలు ఆగింది, నేను నెమ్మదించాక మళ్లీ కదిలింది. చివరి పాదం వాళ్లావిడ అందుకుంది. ఆమెకు శ్రుతి లేదు, తాళం లేదు. ఆయన మాత్రం నా వైపు చూడటం మానేసి ఆమెనే చూస్తూ ఉండిపోయారు. అందుకే చెబుతున్నా, ఇంటివాళ్లు గొంతు కలిపితే నువ్వు తగ్గించుకో. వాళ్లు పూర్తిగా అందుకున్నాక ఆపెయ్యి.

పాడే తీరు కూడా మార్చుకోవాలి. కచేరీలో నువ్వు పాడే ఐదు శ్రుతి ఇక్కడ పనికిరాదు, బాగా కిందికి దించుకో. మామూలుగా మాట్లాడే గొంతుకంటే ఒక పిసరు తక్కువలో ఉండాలి. సంగతులు, స్వరకల్పన ఏమీ వద్దు, సాదాగా పాడు. పెద్దవాళ్లయితే వినికిడి మిషన్ పెట్టారో లేదో చూడు. తికమకలో ఉన్నవాళ్లకు హెడ్‌ఫోన్లు పెట్టొద్దు, భయపడతారు. ఫోన్లో పెట్టేవి ముందే డౌన్‌లోడ్ చేసుకో. కళ్లు మూతలు పడే వేళకు మధ్యలో ఏదో ప్రకటన గట్టిగా అరిచిందంటే, మనిషి ఎంతగా ఉలిక్కిపడతాడో!

ఊపిరి వేగంగా ఆడుతూ టెన్షన్‌గా ఉన్న మనిషికి ఎకాఎకిన జోలపాట అందుకోకు. ముందు వాళ్ల వేగంలోనే మొదలుపెట్టి, పాట పాటకూ తగ్గించుకుంటూ రా. గుక్కపట్టిన బిడ్డను అమ్మ మొదట గబగబా ఊపి, తర్వాత నిదానిస్తుంది చూడు, అదే పద్ధతి. 1940లలో అమెరికాలో ఆల్ట్‌షులర్ అనే మానసిక వైద్యుడు దీన్నే ఒక సూత్రంగా చెప్పాడు, మ్యూజిక్ థెరపీలో ఇప్పటికీ పాటిస్తారు.

పాడుతున్నంతసేపూ నీ కళ్లు రోగి ముఖం మీదా చేతుల మీదా ఉండాలి. నుదురు ముడిపడినా, దుప్పటిని గట్టిగా పట్టుకున్నా, ముఖం తిప్పుకున్నా ఆపు. కన్నీళ్లొస్తే మాత్రం కంగారుపడకు, "ఆపమంటారా?" అని అడుగు. చాలామంది కానివ్వమనే అంటారు. వద్దన్నా అది నిన్ను కాదన్నట్టు కాదు. తిండి, బట్ట, సూది, అన్నీ ఇతరుల చేతుల్లో ఉన్న మనిషికి వద్దనే హక్కు నీ పాట దగ్గరైనా మిగలాలి.

చివరి రోజుల సంగతి చెబుతాను, భయపడకుండా చదువు. ఊపిరి కాసేపు జోరుగా ఆడి, కాసేపు ఆగి, మళ్లీ వస్తుంటుంది. అప్పుడు తాళం ఉన్న పాట కుదరదు. ఊపిరి వదిలే వేళకు సన్నగా ఒక కూనిరాగం, ఆగినప్పుడు నువ్వూ ఆగు. 1990లలో అమెరికాలోని మిసౌలాలో థెరీస్ ష్రోడర్-షేకర్ అనే ఆవిడ ఆసుపత్రి మంచాల పక్కన హార్ప్ అనే తీగల వాయిద్యం వాయిస్తూ ఇలా రోగి శ్వాసనే అనుసరించే పద్ధతిని నేర్పించారు. స్పృహ లేదు కదా, ఏం వింటారని ఇంటివాళ్లు అడుగుతారు. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు హాస్పిస్‌లో స్పందన ఆగిపోయిన రోగుల మెదడు తరంగాలు చూస్తే, కొందరి మెదడు శబ్దాల్లో మార్పుకు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. అర్థం చేసుకుంటున్నారా అన్నది దాంతో తేలలేదు. అయినా ఇంటివాళ్లకు ఆ మాట చెప్పు. చెవి దగ్గర పేరుపెట్టి పిలవమను, వచ్చిన పాట పాడమను. మంచం పక్కన ఆస్తుల మాటలు, అంత్యక్రియల ఏర్పాట్లు మాట్లాడేవాళ్లను వరండాలోకి పంపు.

చిన్నపిల్లల తల్లులు ఉంటారు. గొంతు బాగున్న రోజున, ఇష్టమైతే, పిల్లలకు పాడే జోలపాట వాళ్ల ఫోన్లోనే రికార్డు చేసి పెట్టు. మధ్యలో దగ్గు వచ్చినా, నవ్వు వచ్చినా తీసెయ్యకు. అది తప్ప వీడియోలు, ఫొటోలు ఏవీ వద్దు, ఎంత మంచి ఉద్దేశమైనా సరే.

మొదటి రోజు అసలు పాడకపోయినా ఏమీ కాదు. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకెళ్లు. మంచం నంబరు, ఊరు, ఇష్టమైన పాట, అస్సలు వద్దన్న పాట రాసుకో. పేర్లూ జబ్బులూ రాయకు. ఘాటైన సెంటు, మల్లెపూలు పెట్టుకుని వెళ్లకు, కీమో పడ్డవాళ్లకు వాసనలు తిప్పుతాయి. పొద్దున్న ఏదైనా తినే వెళ్లు. పోయిన వారం పాడించుకున్న మంచం ఈ వారం ఖాళీగా కనిపిస్తే నర్సు దగ్గర కూర్చుని ఆ మనిషి గురించి మాట్లాడు. ఇంటికొచ్చాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

ఇట్లు,
పెద్దమ్మ